పన్నెండు బొమ్మల నడక

నా కుడికాలు ఎడమకాలి కంటే రెండు వేళ్లంత పొట్టి. తొమ్మిదేళ్ల వయసులో, వద్దన్న గుర్రమే ఎక్కినందుకు దక్కిన బహుమానం. గుర్రానికేమీ కాలేదు. ఆ కాలితోనే పెళ్లి చేసుకున్నాను, నలుగురిని కన్నాను, ముప్ఫై ఏళ్లు ఆడగుర్రాల పాలు పితికాను, పనిలో ఎవరి చేతా మాట పడలేదు. కానీ మా కరాసు ఊళ్లో ఒక్క పిల్ల కాళ్ల తాడైనా కోసే యోగం మాత్రం నాకు పట్టలేదు.

మా దగ్గర పిల్లలు తొలి అడుగులు వేశారంటే, వాళ్ల కాళ్లకు నలుపూ తెలుపూ కలిపి పేనిన తాడు కట్టి, తెల్లగుడ్డ మీద నిలబెట్టి, ఒక మనిషి చేత ఆ తాడు కోయిస్తారు. కోసినవాళ్ల నడకే పిల్లకి అబ్బుతుందని మా నమ్మకం. అందుకే చురుకైనవాళ్లను చూసి పిలుస్తారు. మా ఊళ్లో ఆ పని మా పెద్ద తోడికోడలు ఉర్కియాది. అరవై అయిదేళ్లు వచ్చినా కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంది మహాతల్లి. దానికోసమే ఒక కత్తెర కూడా ఉంది ఆవిడకి, ఎర్రగుడ్డలో చుట్టి పెట్టెలో దాచుకుంటుంది.

కుంటి బతిమాని కత్తెర పట్టమని ఎవరంటారు? నా పిల్లలకి నేనూ ఉర్కియానే పిలిచాను. అయినా ఏ ఇంట్లో ఆ వేడుక జరిగినా, నా వేళ్లు శాలువా కింద కత్తెర ఆడించినట్టు వాటంతటవే ఆడుతుండేవి. ఎవరికీ కనపడనిచ్చేదాన్ని కాదు.

సరే, నా కాలి సంగతి అలా ఉంచండి. నా కోడలి సంగతి చెప్పాలి.

కోడలి పేరు కున్సులు. విమానాన్ని ఆకాశంలో పల్టీలు కొట్టించడం ఆమె పని. అదీ ఒక పనేనా అని మీరు అడగనక్కర్లేదు, పెళ్లినాడే నేను అడిగేశాను. రెండుసార్లు మా రిపబ్లిక్ మొత్తానికి మొదటి బహుమతి తెచ్చుకుంది. మావాడు తోలెగెన్ ఆ విమాన క్లబ్బులోనే మెకానిక్కు. విమానం బాగుచేయడానికి వెళ్లి, నడిపేదాన్ని చేసుకున్నాడు. పిల్ల కడుపున పడ్డప్పటి నుంచీ కున్సులు నేలమీదే ఉంది. ఇక అయిపోయిందిలే అనుకున్నాను.

మే నెలలో తోలెగెన్ ఒక్కడే ఊరికొచ్చాడు.

"అపా, ఒక్క వేసవి," అన్నాడు, చెప్పులైనా విప్పకుండా. అమ్మనైనా, ఏ పెద్దావిడనైనా మేం అపా అనే పిలుస్తాం. "మాతో వచ్చి ఉండండి. పిల్లని మీరు పట్టుకుంటే కున్సులు ఎగురుతుంది."

"గుర్రాలు ఈనే రోజుల్రా ఇవి. పాలెవరు పితుకుతారు? వాటిని పులియబెట్టి కుమిస్ ఎవరు చిలుకుతారు, మీ విమానాల గురువు అర్కాదీ సవేల్యెవిచ్చా?"

"ఉర్కియా పెద్దమ్మ చూసుకుంటానంది."

"ఓహో! ముందు ఆ గడప తొక్కి వచ్చావన్నమాట."

వాడు సిగ్గుపడ్డాడు. తర్వాత అసలు మాట బయటపెట్టాడు. ఆగస్టులో జట్టు ఎంపిక. దేశం మొత్తం మీద ఆడవాళ్లలో ముగ్గుర్ని తీసుకుంటారు. ఆ ముగ్గురిలో ఉంటే ప్రపంచ పోటీలకి. లేకపోతే ఇక ఎగరనని కున్సులు తనే మాట ఇచ్చింది.

"అప్పుడు ఏం చేస్తారు?"

"ఇక్కడికే వచ్చేస్తాం. బడిలో లెక్కల టీచరు లేరు కదా, కున్సులు చెబుతుంది. నేను ట్రాక్టర్లు చూసుకుంటాను."

"ముగ్గురూ వస్తారా?"

"ముగ్గురమూ వస్తాం అపా."

మా ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు. మిగతా పిల్లలు దూరాన ఉన్నారు. ఇంట్లో మాట్లాడ్డానికి గుర్రాలు తప్ప ఎవరూ లేరు. అవి వింటాయి కానీ జవాబివ్వవు కదా. దాచడమెందుకు, నా కోడలు ఓడిపోవాలని కోరుకుంటూనే నేను ఆ బస్సెక్కాను. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. ఆగస్టు తర్వాత మా ఇద్దరికీ ఆ మంచిపేరు పోతుందిలే అని నాలో నేనే నవ్వుకున్నాను.

* * *

క్లబ్బు మైదానం చేరేసరికి మధ్యాహ్నమయింది. గడ్డిలో ఏడెనిమిది మంది తలా ఒక పక్క నిలబడి ఉన్నారు. ఎవరి లోకం వారిది. అరచేతులు ముందుకు చాచి తిప్పుతున్నారు, రెండడుగులు ముందుకేస్తారు, గిర్రున వెనక్కి తిరుగుతారు, మునివేళ్ల మీద లేస్తారు, చటుక్కున మోకాళ్లు వంచి కూలబడతారు. ఒకడైతే కళ్లు మూసుకుని తనలో తనే గొణుక్కుంటున్నాడు. వాళ్ల మధ్యలో నా కోడలు.

"ఒరే, దయ్యం పట్టిందిరా," అన్నాను తోలెగెన్ చెయ్యి గట్టిగా పట్టుకుని. "నలుగురికీ తెలియకముందే ముల్లాని పిలుద్దాం."

"ఎగురుతున్నారపా."

"నేలమీదా?"

"ముందు నేలమీద ఎగరాలి. కాళ్లతో నడిచి చూసుకోకుండా ఎవరినీ పైకి పంపరు."

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని విన్నాను కానీ, నేలమీదే ఎగిరేవాళ్లను ఇప్పుడే చూస్తున్నా," అన్నాను. నా మాట విని వెనకాల ఎవరో పెద్దగా నవ్వారు. బట్టతల, ఎండకి కమిలిన ముక్కు. ఆయనే అర్కాదీ సవేల్యెవిచ్, వీళ్లందరికీ గురువు. "అపా, మీరు నా ముసలి పైలెట్ల కంటే బాగా మాట్లాడతారు," అన్నాడు. మా అందరి నోటా విని ఆ రష్యా ఆయన కూడా నన్ను అపా అనే పిలిచేవాడు.

ఆ సాయంత్రం కున్సులు నాకు టీ పోసింది, గిన్నె అంచుదాకా నిండుగా. మా దగ్గర పెద్దవాళ్లకి సగం గిన్నే పోస్తారు, మళ్లీ మళ్లీ అడిగి పోయాలని. నిండా పోశారంటే, ఇది తాగి ఇక లేవండి అని. నేను గిన్నె వంక చూశాను. కోడలి వంక చూశాను. ఆమె కుడిచేయి టీకుండ మీద ఉంది, ఎడమచేయి గాలిలో పల్టీ కొడుతోంది.

"పిల్లా, నేను పొద్దున్నే వెళ్లిపోనా?"

అప్పుడు చూసుకుంది గిన్నె. మొహం ఎర్రబడిపోయింది. "అయ్యయ్యో అపా! నా బుద్ధి నాలుగో బొమ్మ దగ్గర ఉండిపోయింది," అని గిన్నె లాక్కుని సగం తనే తాగేసింది. కోపం తెచ్చుకుందామని ఎంత ప్రయత్నించినా నవ్వు ఆగలేదు నాకు.

* * *

నా మనవరాలు జిబెక్‌కి అప్పుడు ఎనిమిదో నెల. తల్లి కంటిముందు ఉండాలి, పైగా తనని ఎత్తుకున్నవాళ్లు కదులుతూ ఉండాలి. ఆగామా, ఊరు లేచిపోయేలా ఏడుపు. చేసేదేముంది? వీపుకి కట్టుకుని తల్లి వెనకాలే నేనూ ఆ గడ్డిలో తిరిగేదాన్ని. ఆమె తిరిగితే నేనూ తిరగాలి, లేకపోతే పిల్లకి తల్లి కనపడదు. మిగతా పైలెట్లు మొదట్లో నవ్వారు. వారం తిరిగేసరికి అలవాటైపోయింది వాళ్లకి.

"ఆ చేతిలో కాగితమేంటి?" అని ఒకరోజు అడిగాను.

చూపించింది. గీతలు, గుండ్రాలు, కొక్కేలు, చిన్న బాణాలు, పక్కన అంకెలు. ఒక్కో గీత ఒక బొమ్మ. విమానంతో ఆకాశంలో ఆ బొమ్మల్ని వరసగా గీయాలి, కింద కూర్చుని మార్కులు వేస్తారు. నేను నా జీవితమంతా సిర్మాక్ కంబళ్లు కుట్టినదాన్ని. ఉన్ని తొక్కి, దాని మీద పొట్టేలు కొమ్ముల నమూనాలు కోసి అతికి కుట్టడం నా పని. ఆ కాగితం చూడగానే కన్ను ఎడమనుంచి పట్టుకుని పరుగెత్తింది.

"ఇక్కడ గీత నిండుగా ఉంది, అక్కడ తునకలు తునకలుగా ఉందే?"

"నిండు గీత అంటే విమానం మామూలుగా ఉంటుందపా, కడుపు కిందికి. తునకల గీత అంటే తలకిందులుగా. అందుకే నడిచేటప్పుడు మామూలుకి అరచేయి కిందికి పెడతాం, తలకిందులుకి అరచేయి పైకి తిప్పుతాం."

"నిండు కుట్టు, విడి కుట్టు. అంతే కదా."

కున్సులు ఆగి నా మొహంలోకి చూసింది. "నాకిది పట్టుబడ్డానికి ఏడాది పట్టింది," అంది.

"నువ్వు కంబళి కుట్టలేదు కనక," అన్నాను. పొగడ్త ఎవరికి చేదు చెప్పండి? ఆ రోజు పిల్లకి నీళ్లు పోస్తూ పాట కూడా పాడాను.

ఆమె పైకెగరడం మొదటిసారి చూసినప్పుడు మాత్రం పాటలేమీ రాలేదు. విమానం నిట్టనిలువుగా పైకి పోయింది, పోయి ఆగిపోయింది, ఆగి ఎండుటాకులా తిరుగుతూ కిందికి జారింది. నేను గడ్డిలో కూలబడి కళ్లు మూసుకుని దేవుడికి ఒక గొర్రెని మొక్కాను. కళ్లు తెరిచేసరికి విమానం నవ్వుతున్నట్టు మళ్లీ పైకి పోతోంది. దిగి వచ్చాక ఆమె మొహం చూశాను. చెమటతో జుట్టంతా నుదుటికి అంటుకుపోయింది, పెదవులు ఎండిపోయాయి, కళ్లు మాత్రం గుర్రప్పందెం గెలిచిన పిల్లవాడి కళ్లలా ఉన్నాయి. నా ఇంట్లో ఆమె కళ్లు అలా ఎప్పుడూ లేవని ఆ క్షణాన తోచింది. తోచినదాన్ని వెంటనే మనసులోంచి తరిమేశాను.

పెదవులు ఎండిపోతున్నాయి కదా అని మర్నాడు ఆమె జేబులో నాలుగు కుర్త్ ఉండలు వేశాను. పెరుగులో నీరు పిండేసి, ఉప్పు వేసి ఎండబెట్టిన ఉండలు అవి, రాయికంటే గట్టి. నోట్లో వేసుకుంటే గంటసేపు నీరూరుతుంది. మా స్తెప్పీ గడ్డిభూముల్లో కుర్త్ లేని గొర్రెలకాపరి ఉండడు. ఆ రోజు ఆమె దిగీ దిగకముందే అర్కాదీ సవేల్యెవిచ్ కేకలు పెడుతూ నా దగ్గరికొచ్చాడు. ఆయన అరచేతిలో నా కుర్త్.

"అపా! తలకిందులుగా ఉన్నప్పుడు ఇది జేబులోంచి పడి లోపల బంతిలా గెంతింది. నడిపే కర్ర కింద ఇరుక్కుంటే? మనిషి ప్రాణం పోయేది, తెలుసా? ఈ రాయి వల్ల!"

ముప్ఫై ఏళ్లలో నన్ను ఎవరూ అలా కేకలేయలేదు, అదీ న్యాయంగా. కున్సులు పరుగెత్తుకొచ్చి మా ఇద్దరి మధ్య నిలబడింది.

"తప్పు నాది అర్కాదీ సవేల్యెవిచ్. జేబులు చూసుకోవాల్సింది నేను."

ఆ రాత్రి భోజనాలు కాకముందే ఆమె విమానం దుస్తులు తెచ్చుకుని, ఉన్న ఆరు జేబులూ కుట్టేశాను. కంబళి కుట్టే దారంతో, రెండు వరసలు. పొద్దున్నే అవి చూసి అర్కాదీ సవేల్యెవిచ్ వేలుతో లాగి చూశాడు, ఊడలేదు. నా దగ్గరికొచ్చి, "ఒక కుర్త్ ఇవ్వండి, నేను నేలమీదే ఉంటానుగా," అన్నాడు. అప్పటి నుంచీ ఆయన దవడ ఎప్పుడూ ఒక పక్క ఉబ్బే ఉండేది.

జూన్ పోయింది, జులై పోయింది. రోజుకి రెండుసార్లు నడక, రెండుసార్లు ఎగరడం. ఏ వరస ఇచ్చినా నేను కళ్లు మూసుకుని చెప్పగలిగేదాన్ని. ఆమె ఎగురుతుంటే కింద నా చెయ్యి దానంతటదే తిరిగేది. అయినా రోజూ సాయంత్రం, కరాసులో మా ఇంటి తూర్పు గది వాళ్లకివ్వాలి, కిటికీకి కొత్త అద్దం వేయించాలి అని లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. ఈ రెండూ ఒకే బుర్రలో ఎలా పట్టాయో నాకే తెలియదు.

* * *

ఆగస్టులో దేశం నలుమూలల నుంచీ పైలెట్లు మా మైదానానికే వచ్చారు. ఆడవాళ్లు పద్నాలుగు మంది. మూడుసార్లు ఎగరాలి. రెండయ్యేసరికి కున్సులు నాలుగో స్థానంలో ఉంది.

మూడోది అసలు పరీక్ష. ఆ వరస ఎవరికీ ముందు తెలియదు. మధ్యాహ్నం కాగితం చేతికిస్తారు, మర్నాడు పొద్దున్నే ఎగరాలి. మధ్యలో విమానం ఎక్కకూడదు. నడిచి చూసుకోవడం ఒక్కటే దారి. ఒక బొమ్మ తప్పుగా గీస్తే దానికి సున్నా. ఒక్క సున్నా పడితే ఇక ఇంటికే. అర్కాదీ సవేల్యెవిచ్‌ని మార్కులు వేసేవాళ్లలో కూర్చోబెట్టారు కనక ఆ రోజు ఆయన మాతో మాట్లాడకూడదు. తోలెగెన్ ఇంజను ముందు పడి ఉన్నాడు. మైదానం చివర్లో నేనూ, కోడలూ, నా వీపున జిబెక్.

పన్నెండు బొమ్మలు. కాగితం ఒకసారి చూశాను. కున్సులు నడవడం మొదలుపెట్టింది, నేను వెనకాల.

ఏడో బొమ్మ అయింది. కాగితంలో దాని తర్వాత తునకల గీత, విడి కుట్టు. కున్సులు అరచేయి కిందికి ఉంది.

నేనే తప్పు చూశానేమో అనుకున్నాను. రెండోసారి నడిచింది. ఏడో బొమ్మ తర్వాత అరచేయి కిందికే. అప్పుడర్థమైంది నాకు. వేసవంతా మేం నడిచిన వరసలో అచ్చం ఇలాంటి బొమ్మే ఉంది, దాని తర్వాత నిండు గీత. చేతికి పాత నమూనా పట్టేసింది. కంబళి కోసేటప్పుడు నాకూ ఎన్నిసార్లో జరిగింది. కన్ను కొత్త కొమ్ము చూస్తూనే ఉంటుంది, కత్తెర మాత్రం పాత కొమ్ము కోసేస్తుంది.

మూడోసారి నడిచింది. అరచేయి కిందికే.

నోరు మూసుకుంటే చాలు. అబద్ధం ఆడక్కర్లేదు, ఎవరికీ చెడు చేయక్కర్లేదు. రేపు పొద్దున ఒక సున్నా. వచ్చే వారం తూర్పు గదిలో ఉయ్యాల. చలికాలమంతా ఇంట్లో పిల్ల కేరింతలు, పొద్దున్నే నాకు సగం గిన్నె టీ పోసే మనిషి. ముసలితనంలో ఇంతకంటే ఏం అడిగాను దేవుణ్ణి? జిబెక్ నా మెడ మీద బుగ్గ ఆనించి వెచ్చగా ఊపిరి వదులుతోంది.

కున్సులు నాలుగోసారి మొదలుపెట్టడానికి మొదటి స్థానంలోకి వచ్చి నిలబడింది. చెమట తుడుచుకుని నా వైపు తిరిగి నవ్వింది. ఆ రోజు దిగినప్పటి కళ్లే.

"పిల్లా," అన్నాను. "ఏడోదాని తర్వాత నీ అరచేయి ఎటుంది?"

ఆమె అరచేయి చూసుకుంది. కాగితం చూసుకుంది. మొహంలో రక్తం చుక్క లేదు. మెల్లగా గడ్డిలో కూర్చుండిపోయింది.

"ఎప్పుడు చూశారపా?"

"మొదటిసారే."

"ఇప్పటికి మూడుసార్లు నడిచాను."

"ఊఁ."

కున్సులు గడ్డిపోచ ఒకటి తెంపి వేలికి చుట్టుకుంది. తర్వాత లేచి, కాగితం నా చేతిలో పెట్టింది. "మీరు ముందు నడవండి. నేను మీ వెనకాల వస్తాను," అంది.

"నేనా? కుంటుకుంటూనా?"

"మీ చేతి మీద నమ్మకం ఉంది నాకు. నా చేతి మీద ఇవాళ లేదు."

పిల్లని దింపి గడ్డిలో కూర్చోబెట్టాను. చేయి చాచాను. యాభై ఎనిమిదేళ్ల కుంటి ముసల్ది, తలగుడ్డ జారిపోతూ, మైదానంలో విమానమై నడిచింది. మునివేళ్ల మీద లేవలేను కనక భుజం ఎత్తేదాన్ని. ఏడోది రాగానే అరచేయి పైకి తిప్పి, "విడి కుట్టు!" అని అరిచేదాన్ని. "విడి కుట్టు!" అని వెనకనుంచి ఆమె అరిచేది. ఎనిమిదిసార్లో పదిసార్లో తిరిగాం. తిరిగి తిరిగి ఇద్దరికీ నవ్వు పుట్టి, ఆగలేక ఒకరిమీద ఒకరు పడ్డాం.

అప్పుడు వినిపించింది వెనకాల చిన్న కేక. తిరిగి చూస్తే జిబెక్ నిలబడి ఉంది. ఎవరూ పట్టుకోలేదు. రెండు చేతులూ పక్కలకి చాపి, ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. మూడోదానికి గడ్డిలో బోర్లాపడి, మా వంక చూసి, తనూ నవ్వింది.

మర్నాడు పొద్దున నేను కింద నిలబడి అంకెలు పైకే చెబుతున్నాను. ఆరు. ఏడు. పైన విమానం కడుపు ఎండలో తళుక్కుమని పైకి తిరిగింది. "విడి కుట్టు!" అని నేను పెట్టిన కేకకి పక్కన నిలబడ్డ సైనికాధికారి ఉలిక్కిపడి టోపీ జార్చుకున్నాడు. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. తోలెగెన్ భుజాలు పట్టుకుని ఊపేశాను.

ఆ ఏడో బొమ్మ దగ్గర ఇద్దరు తప్పారు ఆ రోజు, ఒకామె అప్పటిదాకా రెండో స్థానంలో ఉన్న మనిషి. సాయంత్రం పలక మీద పేర్లు రాశారు. కున్సులు పేరు మూడోది.

అర్కాదీ సవేల్యెవిచ్ నోట్లోని కుర్త్ తీసి చేత్తో పట్టుకుని ఏడ్చాడు. తోలెగెన్ పెళ్లాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. నా తూర్పు గది కళ్లముందే పోయింది. పోతే పోయిందిలే అనుకున్నాను, అలా అనుకున్నందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

* * *

ప్రపంచ పోటీలకి బయల్దేరే ముందు నాలుగు రోజులు కరాసు వచ్చారు. పిల్ల నడిచింది కదా, తాడు కోయాలి. నేను నలుపూ తెలుపూ తాడు పేనాను. మొక్కుకున్న గొర్రెని కోయించాను, పెద్ద బాణలి నిండా బౌర్సాక్ పిండి ఉండలు వేయించాను. ఊరంతా వచ్చింది, సగం మంది పిల్ల కోసం, సగం మంది పేపర్లో ఫోటో పడ్డ కోడలి కోసం. ఉర్కియా అందరికంటే ముందే వచ్చి ఎర్రగుడ్డ విప్పి కూర్చుంది.

తెల్లగుడ్డ పరిచారు. పిల్లని నిలబెట్టి కాళ్లకి తాడు కట్టారు. ఉర్కియా లేచింది. కున్సులు తలగుడ్డ సవరించుకుని, ఆవిడ ముందు వంగి నమస్కరించింది. పెద్దల ముందు కోడళ్లు గొంతెత్తరు మా దగ్గర. మెల్లగానే అడిగింది.

"పెద్ద అపా, కత్తెర ఒకసారి నాకిస్తారా?"

"కన్నతల్లి కోయకూడదే, పిచ్చిదానా. ఆకాశంలో తిరిగి తిరిగి పద్ధతులు మర్చిపోయావా?"

"నేను కోయను."

కత్తెర అందుకుంది. నాలుగడుగులు నడిచొచ్చింది. నేను వెనకాల బౌర్సాక్ పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాను. పళ్లెం తీసి పక్కన పెట్టి, కత్తెర నా చేతిలో పెట్టింది.

అంతమందిలో మొదట తేరుకున్నది ఉర్కియా.

"ఇదేం చోద్యమే! బతిమా కాలు చూశావా? ఆ కుంటు పిల్లకి అంటుకోదూ?"

"అంటుకోవాలనే, పెద్ద అపా," అంది కున్సులు. ఈసారి గొంతు అందరికీ వినపడింది. "తప్పు నడిచింది నేను. సరిగ్గా నడిచింది ఈవిడ, ఈ కాలితోనే."

కత్తెర తిరిగి ఆమె చేతికే ఇవ్వబోయాను. "వద్దే తల్లీ," అన్నాను. "పిల్ల బతుకుతో ఆటలొద్దు. నీకు తెలియదు, ఆ రోజు నేను..."

"తెలుసు." నా చెవి దగ్గరికి వంగింది. "మూడుసార్లు ఊరుకున్నారు. నాలుగోసారి చెప్పారు. ఆ నాలుగోది నా కూతురికి రావాలి."

తెల్లగుడ్డ మీద మోకాళ్లూని కూర్చున్నాను. కళ్లు నీళ్లతో నిండి తాడు రెండుగా కనపడింది. మొదటిసారి గాలిని కోశాను. రెండోసారి తెగింది.

జిబెక్‌ని వదిలేశారు. నడక నేర్చే పిల్లలు ఎలాగూ అటూ ఇటూ ఊగుతారు. నా మనవరాలు కుడిపక్కకే ఊగింది. ఒక అడుగు, కుడికి ఒరుగు. ఇంకో అడుగు, మళ్లీ కుడికే. అచ్చం నాలాగే. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"జిబెక్! ఎగురమ్మా!" అని అరిచింది కున్సులు.

పిల్ల రెండు చేతులూ పక్కలకి చాపేసింది. చాపి, తెల్లగుడ్డ ఈ చివరి నుంచి ఆ చివరికి, గీత గీసినట్టు తిన్నగా పరుగెత్తి, ఉర్కియా కాళ్లకి గుద్దుకుంది. ఉర్కియా పిల్లని ఎత్తుకుంది. "కుంటు ఒక్కటే కాదు, ఈ ఇంటి పిచ్చి కూడా అంటుకుంది దీనికి," అంది. ఊరంతా గొల్లున నవ్వింది. అందరూ విసిరిన మిఠాయిలు వాన కురిసినట్టు పిల్ల నెత్తిన పడ్డాయి.

కున్సులు ఆ శరదృతువులో మెడలో బంగారు పతకంతో తిరిగొచ్చింది. ఆ తర్వాత ఏళ్లలో ఎన్నో తెచ్చింది. గోడకి మేకులు కొట్టీ కొట్టీ తోలెగెన్ విసిగిపోయాడు. వాళ్లు కరాసుకి కాపురం రానేలేదు. మే నెల రాగానే గుర్రాల్ని వాళ్లకీ వీళ్లకీ అప్పగించి నేనే బస్సెక్కేదాన్ని.

కానీ ఆ మరుసటి వసంతంలో, నేనింకా మూట కట్టుకోకముందే, ఉర్కియా మా గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ మునిమనవడు ముందురోజే నడిచాడట. చేతిలో ఎర్రగుడ్డ మూట.

"నా చేతులు వణుకుతున్నాయే బతిమా, పెద్దదాన్నైపోయాను. వాడి తాడు నువ్వు కోయి."

ఆ చేతులే కిందటి సాయంత్రం నా ఎదుట దీపం లేకుండా సూదిలో దారం ఎక్కించాయి. మూట విప్పాను, కత్తెర తీసి ఒకసారి ఆడించి చూశాను. ఈసారి శాలువా కింద కాదు.

"నా కుంటు వాడికి అంటుకుంటుందేమో అక్కా," అన్నాను.

"అంటుకోనీ," అంది ఉర్కియా.